గార్డియన్ అనే మాటకు అర్థం

డిసెంబరు సాయంత్రాల్లో ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసు బస్సు దిగి ఇంటివైపు నడుస్తుంటే, రోడ్డు పక్కన టార్పాలిన్ మీద కుప్పపోసిన అనపకాయల వాసన ముక్కుకు తగులుతుంది. మంచు పడితేగానీ కాయకు ఆ జిడ్డూ ఆ ఘాటూ రావు. దాన్ని మావాళ్ళు సొగడు అనేవారు. కొనేవాళ్ళు గుప్పెడు తీసి వాసన చూసి సంచిలో వేసుకుంటారు. నేను కొనను. వండడం రాక కాదు. నానిన గింజల తొక్క పితకడానికి కూర్చుంటే ఎదురుగా ఇంకొకరు ఉండాలనిపిస్తుంది.

నాకు రెండేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాయన మళ్ళీ పెళ్ళి చేసుకుని, మరమగ్గాల పని దొరికిందని దొడ్డబళ్ళాపురం వెళ్ళిపోతూ నన్ను తన అక్క రంగమ్మ దగ్గర వదిలాడు. పెళ్ళయిన మూడేళ్ళకే మామ పోతే, పిల్లాజెల్లా లేని రంగత్త బెంగళూరు పేటలో మగ్గాల సందులోని ఒంటిగదిలో, చరఖా ముందు కూర్చుని పట్టునూలు కండెలకు చుడుతూ బతికేది. తెల్లవారకముందే మొదలయ్యే మగ్గాల చప్పుడు, తడిసిన పట్టు వాసన, అద్దకం నీళ్ళు పారి ఒకరోజు ఎర్రగా ఒకరోజు పచ్చగా మారే కాలువ, ఆ కాలువ గట్టుమీద మేమాడిన అచ్చనగండ్లు, ఉగాదికి సందంతా కమ్ముకునే ఓళిగల నెయ్యి వాసన, ఇవీ నా చిన్నతనం. వాన కురిసిన రోజు ఉరుములకు జడిసి ఏడిస్తే అత్త నన్ను కొంగులోకి లాక్కునేది. ఆమె చీరలో ఎప్పుడూ ఒకటో రెండో పట్టుపోగులు చిక్కుకుని ఉండేవి. "అమ్మ ఉండాది కదా పాపా, ఏడవొద్దు" అనేది. నేను పిలిచేది అత్తా అనే. ఆమె మాత్రం తనను అమ్మ అనే చెప్పుకునేది.

నాలుగో తరగతిలో మా ఇంగ్లీషు మిస్సు రోజుకొక మాట ఇచ్చేది. అర్థం రాయాలి, ఆ మాటతో ఒక వాక్యం కట్టాలి. ఆ నోటుబుక్కు నాకంటే అత్తకే ఇష్టం. బడినుంచి రాగానే ఈరోజు మాటేమని అడిగి, దాన్ని నోట్లో నాలుగుసార్లు తిప్పుకుని, మర్నాటికల్లా వాడేసేది. పోగు తెగితే విసుక్కునే పక్కింటామెకు, నూలుపనికి పేషెన్సు కావాలని బుద్ధి చెప్పేది. కన్నడంలో సంతకం చేసే మనిషి, నా బడి కాగితాల కోసమని ఇంగ్లీషులో తన పేరు రాయడం పాత క్యాలెండరు వెనక నెలరోజులు దిద్ది నేర్చుకుంది.

ఆ చలికాలంలో బడి ఫారం ఒకటి వచ్చింది. తండ్రి లేదా గార్డియన్ సంతకం అని ఉన్న చోట అత్త ఒక్కో అక్షరం కూడబలుక్కుని తన పేరు రాసి, ఆ గార్డియన్ అంటే ఏమని అడిగింది. నాకు తెలియదు. మర్నాడు మిస్సునడిగితే అందరికీ పనికొచ్చే మాటేనని, దాన్నే ఆరోజు మాటగా ఇచ్చింది. పిల్లల బాధ్యత చూసుకునే మనిషి, కన్నవాళ్ళే కానక్కర్లేదు అని అర్థం చెప్పింది. అర్థం స్పష్టంగా తెలిసే వాక్యం రాయాలని నేను చాలాసేపు ఆలోచించి రాశాను. మిస్సు పక్కన ఎర్రసిరాతో గుడ్ అని పెట్టింది.

పరుగెత్తుకుంటూ వచ్చాను. అత్త గడపలో కూర్చుని, గంగాళంలో నానిన అనపగింజలు పితుకుతూ ఉంది. నేనూ ఎదురుగా కూర్చుని గుడ్ చూపించాను. చేతులు తుడుచుకుని ఆ ఎర్రగీతను వేలితో తడిమింది.

"ఏం రాసినావో తెలుగులో చెప్పు" అంది.

"మా గార్డియన్ మా అమ్మ కాదు" అని చదివాను.

అత్త మళ్ళీ గింజలు చేతిలోకి తీసుకుంది. రెండు మూడు గింజలు పితికాక, పప్పు తొక్కల్లోకీ తొక్కలు పప్పులోకీ వేసింది. నేను నవ్వాను. ఆమె వంచిన తల ఎత్తలేదు.

"సరిగ్గానే రాసినావు పాపా. మిస్సే సరి అన్నెంక ఇంగేముండాది."

ఆ రాత్రి పితికిపప్పు సాంబారులో నాకు ఎప్పటిలాగే రెండు గరిటెలు ఎక్కువ వేసింది. కోపం లేదు, అలక లేదు. మరుసటి ఏడు వానాకాలంలో ఉరిమినప్పుడు నన్ను దగ్గరికి లాక్కుని, "అత్త ఉండాది కదా" అంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆమె తనను అమ్మ అని చెప్పుకోలేదు. ఏం మారిందో నాకు అర్థమయ్యేసరికి పద్నాలుగేళ్ళు వచ్చాయి. అప్పుడు చెప్పడానికి సిగ్గు. రేపు చెబుదాం, పరీక్షలయ్యాక చెబుదాం, మొదటి జీతంతో చీర కొనిచ్చి చెబుదాం అనుకుంటూ గడిపేశాను.

డిగ్రీ చివరి ఏడాదిలో అత్తకు గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రి కాగితం మీద రోగికి ఏమవుతారని అడిగిన గడి ఉంది. ఏళ్ళ తరబడి సరైన మాట సరైన చోట రాయడం అలవాటైన చేయి, ఆలోచించకుండానే మేనకోడలు అని ఇంగ్లీషులో రాసేసింది. కొట్టేసి మళ్ళీ రాద్దామనుకునేలోపు కౌంటరులో మనిషి కాగితం లాక్కున్నాడు. రెండోరోజు పొద్దున అత్త పోయింది. మాట్లాడే స్థితిలో ఒక్క గంటయినా లేదు.

పోయిన నెల పేటకు వెళ్ళాను. మగ్గాలు ఒక్కటీ లేవు. కాలువ మీద బండలు పరిచేశారు. అద్దకం ఇళ్ళన్నీ గోదాములు. మా గది ఉన్న చోట విద్యుద్దీపాలు అమ్మే కొట్టు ఉంది. అన్ని దీపాలూ ఒకేసారి వెలుగుతున్నాయి. ఎక్కడో ఉత్తరాదినుంచి వచ్చిన కొట్టతను ఏం కావాలని వచ్చీరాని కన్నడంలో అడిగాడు. నేను గడప ఉండిన చోటు చూస్తూ తెలుగులోనే చెప్పాను.

"మా అమ్మ ఈడనే కూర్చునేది."

అతనికి అర్థం కాలేదు. మర్యాదగా తల ఊపి, ఒక స్టూలు లాగి నా ముందు వేశాడు.