ఇరవై అంగుళాల గొట్టం

అరవైల చివర్లో నేను గోదావరిఖనిలో ఒక బొగ్గుబావి మీద హాజరు గుమాస్తాని. జ్వరమని నాగా పెట్టినవాడు పెళ్లికి పోయాడనీ, కడుపునొప్పి అన్నవాడు కల్లు దగ్గర కూర్చున్నాడనీ చీటీ చూడగానే చెప్పేవాణ్ణి. పదిసార్లలో ఎనిమిదిసార్లు నిజమయ్యేది. దాంతో నా అనుమానం మీద నాకు గురి కుదిరిపోయింది. అది ఎంత చెడ్డ అలవాటో చెప్పేవాళ్లు అప్పుడు లేరు, చెప్పినా వినేవాణ్ణి కాదు.

అక్క మొగుడిది మా బావి లోపలే పని. తట్టలో బొగ్గు నింపి, పట్టాల మీది టబ్బులో పోయాలి. ఆయనకు గోదావరి ఒడ్డున మక్క చేను కూడా ఉండేది. అడవి పందులు దాన్ని బతకనిచ్చేవి కావు. తిరగ్గా తిరగ్గా బావకు రైఫిల్ లైసెన్సు వచ్చింది. పట్నంలో మనిషి కొలతకు తుపాకీ తయారుచేసి ఇచ్చే దుకాణం ఒకటుందని తెలిసి నన్ను వెంట తీసుకుపోయాడు. బావకు చదువు రాదు, కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి.

దుకాణం ముసలాయన మొదట గొట్టం బోరు గురించి అడిగాడు. బోరంటే గొట్టం లోపలి వెడల్పు. అది ఎంతుంటే తూటా అంత లావు.

"అన్నిట్ల చిన్నది ఏదుంటే గదే," అన్నాడు బావ.

"పాయింట్ టూ టూతో పంది పడదు పటేలా. తిరగబడి మీదికొస్తది. త్రీ వన్ ఫైవ్ తీస్కోండ్రి, గొట్టం ఇరవై ఆరు అంగుళాలు. బరువుంటది గని గురి తప్పదు."

"గంత పొడుగొద్దు. పొట్టిగుండాలె. తేలిగ్గుండాలె. పేలితే ఎన్కకు తన్నుడు తక్కువుండాలె."

గంటసేపు బేరమాడినట్టు మాట్లాడి, తూటా కాస్త లావైనా మందు తక్కువ పట్టే పాయింట్ త్రీ టూ బోరు, ఇరవై అంగుళాల గొట్టం దగ్గర ఆగారు. దగ్గర్నుంచి కొడితేనే పంది పడుతుందని ముసలాయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నాకు మాత్రం ఒకటే తోచింది: పందికి చాలకపోవచ్చు, మనిషికి చాలు.

ఎందుకు తోచదు? బావకూ ఆయన చిన్నాయన కొడుక్కూ ఆ చేను గట్టు దగ్గరే రెండేళ్లుగా తగాదా. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఇరవై అంగుళాల తుపాకీ గొంగడి కింద పెట్టుకుంటే ఎవరికి కనిపిస్తుంది?

అంతలో దుకాణం మిస్త్రీ వచ్చి, భుజం కొలత తీస్తానని కర్ర తుపాకీ ఎత్తి పట్టమన్నాడు. బావ వెనక్కి జరిగి నన్ను ముందుకు తోశాడు.

"మా బామ్మర్దిది నాది ఒక్కటే కొలత. ఆయనది తీయి."

తన తుపాకీకి నా కొలతెందుకు? నా అనుమానం ముదిరింది. ఫారం నింపే ముందు పక్కకు పిలిచి అడిగేశాను.

"బావా, నిజం చెప్పు. గీ తుపాకి పందుల కోసమేనా?"

ఆయన నా ముఖం చూడలేదు. ఎడమచేత్తో కుడిభుజం రుద్దుకుంటూ, "ఇంక దేనికి?" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అని మనసులో అనుకున్నాను. అక్క బతుకు నాశనం కాకూడదని ఫారంలో త్రీ వన్ ఫైవ్ అని, ఇరవై ఆరు అంగుళాలు అని రాశాను. బావ కింద వేలిముద్ర వేశాడు.

నాలుగు నెలలకు తుపాకీ తీసుకోవడానికి ఇద్దరం మళ్లీ పోయాం. అది ఆయన ఛాతీ దాకా వచ్చింది. బావ లొల్లి పెడితే ముసలాయన ఫారం తెచ్చి వేలిముద్ర చూపించాడు.

"నువ్వు సరిగ్గనే రాసినవ్ గద?" అని బావ నన్ను అడిగాడు.

"రాసిన. నేను రాసినంక వీళ్లే ఎన్కసీరి దిద్దుకున్నట్టున్నరు."

మరో మాట అడగకుండా నమ్మాడు. తుపాకీ తీసుకుని రైలెక్కాం.

ఆ ఆదివారం పొద్దున పందులు చేలో పడ్డాయని కబురొచ్చింది. వేట చూస్తానని, బావిలో కూలీల మీద అజమాయిషీ చేసే మా ఓవర్‌మన్ కూడా వచ్చాడు. డబ్బాలు కొడితే ఒక పెద్ద పంది మక్కలోంచి బయటికి దూకింది. బావ తుపాకీ ఎత్తాడు. గొట్టం సగం దాకా లేచి, వణికి, కిందికి వాలిపోతూ పేలింది. తూటా గట్టులో దిగింది. పంది దారి పంది చూసుకుంది. బావ నేలమీద కూలబడ్డాడు. కుడిచెయ్యి తనది కానట్టు వేలాడుతోంది.

అందరికంటే ముందు ఉరికొచ్చింది ఆ చిన్నాయన కొడుకే. బావను ఎత్తుకుని, తన బండి కట్టి దవాఖానకు తోలాడు.

డాక్టరు ఎక్స్‌రే తీసి, ఈ ఎముక ఏడాది కిందటే విరిగి వంకరగా అతుక్కుందన్నాడు. బావి లోపల పైనుంచి బొగ్గు పెళ్ల పడిందట. చెబితే అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపిస్తారని బావ చెప్పలేదు. తను తట్ట నింపితే జోడీదారు ఎత్తి పోసేవాడు. ఆ ఏడాదిలో ఒక్క నాగా లేదు. ఆ హాజరు వేసింది నేనే. లేని జబ్బులన్నీ కనిపెట్టినవాడికి ఉన్న జబ్బు కనబడలేదు.

ఓవర్‌మన్ పక్కనే ఉండి అంతా విన్నాడు. రెండు నెలల్లో బావ అన్‌ఫిట్ అయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి అక్కావాళ్లు ఊరికి పోయారు. పిల్లలు చిన్నవాళ్లు, బావ ఉద్యోగం అందుకునే వయసు ఎవరికీ లేదు. అక్క నాట్లకు, కలుపులకు కూలికి పోయింది. ఆమె చేతులు చూడలేక నేను పండగలకు కూడా ఏదో డ్యూటీ చెప్పి తప్పించుకునేవాణ్ణి.

ఎప్పుడైనా పోతే మాత్రం, చెయ్యి సరిగ్గా లేవని బావ ఎడమచేత్తోనే నాకు పీట వేసేవాడు. తిన్నాక ఆ దుకాణాన్ని తిట్టేవాడు. పొట్టి గొట్టం ఇచ్చుంటే ఆ రోజు ఎట్లాగో నెట్టుకొచ్చేవాణ్ణనేవాడు. నేనూ నాలుగు తిట్లు కలిపేవాణ్ణి.

"నువ్వు కాగితాల మీద పనిచేసెటోనివి, పైలం," అనేవాడు చివరికి. "ఎవ్వల్ని నమ్మకు బామ్మర్ది. నువ్వు కండ్లముందట రాసిన దాన్నే మార్చిన్రు."

"నిజమే బావా," అనేవాణ్ణి.