ఉప్పు కడిగిన ఉగ్గాని

నిన్న పొద్దున షాహీన్ ఫోన్ చేసి "అమ్మ చనిపోయింది ఆంటీ" అంది.

"ఈరోజు డయాలసిస్ ఉంది కదమ్మా, తొమ్మిదింటికి వెళ్లాలి కదా" అన్నాను.

ఫోన్‌లో ఆ పిల్ల ఏడుపు వినిపించింది. అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు.

మా ఖాజాబీ అక్క ఇక లేదు.

విశాఖలో నాతో మా వైపు మాట మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆమెది జమ్మలమడుగు, నాది పులివెందుల. ఆమె కూతురు షాహీన్ దగ్గర ఉండడానికి వచ్చింది. నేను మా వారి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాను.

ఎనిమిదేళ్ల కిందట మా ఇద్దరినీ కలిపింది బొరుగులు. ఇక్కడివాళ్లు మరమరాలంటారు.

ఇక్కడి ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. మా కడప వైపు పొద్దున టిఫిన్ అంటే ఉగ్గాని. బొరుగులు నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతాం. పక్కన మిరపకాయ బజ్జీ. జ్వరం తగ్గినా అదే, చుట్టాలు వచ్చినా అదే, మనసు బాగాలేకపోయినా అదే.

మా ఊరి బొరుగులు గట్టివి. నేను నూరు అంకెలు ఎంచేదాకా నీళ్లలో నిలబడతాయి. ఇక్కడివి పది ఎంచేసరికి ముద్ద.

అందుకే ఏ షాపులో కొన్నా ఇంటికొచ్చి నీళ్లలో వేసి, ఎన్ని అంకెల దాకా ఆగాయో ఒక నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ముప్ఫై దాటిన షాపు ఒక్కటీ లేదు.

ఒకరోజు కిరాణా షాపులో ఒకామె బస్తాలోంచి నాలుగు గింజలు నోట్లో వేసుకుంది.

షాపాయన నవ్వి, "మరమరాల్లో రుచేముంటుందమ్మా?" అన్నాడు.

"అదే నేనూ చెప్తాండా అప్పా. ఏమీ లేదు. ఉప్పు యాడ పోయింది?"

ఆ 'అప్పా' విని వెనక్కి తిరిగాను. ఏ ఊరని అడిగాను. నాదీ చెప్పాను.

"అట్లయితే నువ్వు గూడా ఉగ్గానికే తిరుగుతాండావు" అంది.

ఆ రోజు నుంచి ఇద్దరం కలిసి తిరిగాం. రైతు బజార్లు, హోల్‌సేల్ షాపులు, బీచ్‌లో మిక్చర్ బండ్లు. ఒకసారి ఎవరో గట్టివని చెప్తే ఆటోలో అంత దూరం వెళ్లి తెచ్చాం. మా వంటింట్లో నీళ్లు తగలగానే గంజి అయిపోయాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. అక్క ఆ ముద్దలో ఉల్లిపాయ, శనగపిండి కలిపి వడలు వేసింది.

"తిను సరోజా. ఊరు మారితే పేరు గూడా మారనీ" అంది.

ఊరి నుంచి తెచ్చుకోవచ్చు కదా అంటారు. తెచ్చుకునేవాళ్లం. సముద్రపు గాలికి నాలుగు రోజుల్లో మెత్తబడేవి. ఆ నాలుగు రోజులూ ఇద్దరిళ్లలోనూ ఉగ్గానే.

నిరుడు అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. డాక్టర్ ఉప్పు మానిపించారు. ఆమె డైట్ చార్ట్ కాపీ ఒకటి మా ఫ్రిజ్ మీద కూడా అతికించాను. వండి పంపేటప్పుడు పొరపాటు జరగకూడదని.

పోయిన నెల తిండి బాగా తగ్గిపోయింది. ఏం చేసి తెమ్మంటావు అని అడిగితే, "ఒక్కసారి ఉగ్గాని పెట్టు. ఇంగేమీ వద్దు" అంది.

డైటీషియన్‌ను అడిగాను. మరమరాలు కొంచెం పెట్టొచ్చు, ఉప్పు మాత్రం వద్దు అన్నారు.

మా తమ్ముడిని ప్రొద్దుటూరులో బొరుగుల బట్టీకి పంపాను. ఉప్పు లేకుండా వేయించి ఇమ్మంటే బట్టీ ఆయన వీడి ముఖం చూసి, "ఉప్పునీళ్లు పట్టీకుండా బియ్యం యాడ పొంగుతాయి అప్పా? ఎవురు చెప్పి పంపినారు నిన్ను?" అన్నాడట.

ఉప్పువే బస్సులో వచ్చాయి. మూడుసార్లు నీళ్లు మార్చి కడిగాను. మూడుసార్లకూ నిలబడ్డాయి. తాలింపు పెట్టి వేడివేడిగా తీసుకెళ్లాను.

అక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"ఇంత దూరం తెప్పిచ్చి, ఉప్పంతా కడిగి పారబోసినావా? ఇది ఉగ్గాని కాదు, నీళ్లు పోసుకోనొచ్చిన బొరుగులు!"

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె నవ్వడం ఆపి, "ఒక చిటికెడు వెయ్యి. నేను ఎవురికీ చెప్పను" అంది.

నేను వేయలేదు.

మూడు ముద్దలు తిని ప్లేటు పక్కన పెట్టింది. నా మీద కోపం లేదు. కానీ ఇంక తినలేదు. వెంట తీసుకెళ్లిన కడగని బొరుగులు షాహీన్ పిల్లలకని ఇచ్చి వచ్చేశాను. ఆ రోజు నుంచి నేను చేసింది సరైనదేనా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

నిన్న మధ్యాహ్నం మగవాళ్లు అక్కను తీసుకెళ్లాక, ఇంట్లో ఆడవాళ్లం మిగిలాం. షాహీన్ ఒక స్టీలు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నేనిచ్చిన బొరుగులు. మెత్తబడిపోయినా పారేయలేదు.

"పిల్లోళ్లను తాకనీలేదు ఆంటీ. దినానికి రెండే రెండు నాలిక మింద పెట్టుకొని, ఉప్పు కరిగిందాక చప్పరిచ్చి ఉమ్మేస్తాండె. ఇంగోటి తీసుకోమ్మా అంటే, 'వద్దు పాపా, సరోజకు తెలిస్తే బాధపడ్తాది' అంటాండె."

అక్కా, ఆ మూడో గింజ నా చేత్తో నేనే నీకు పెట్టి ఉండాల్సింది.

సూదులూ చార్టులూ లేని చోట హాయిగా ఉండు. నీ అల్లా నిన్ను చల్లగా చూడాలి.

పోయిరా అక్కా.