గోడ అవతలి బేళ్ళు

అరవైల మొదట్లో ఒక మధ్యాహ్నం, రాజపాళయంలో చినుకైనా పడకుండానే, కొండమీద కురిసిన వానకు ఏరు పొంగి ఊరిమీద పడింది. సేత్తూరు వైపు నాట్లు కొట్టుకుపోయాయి. మా వీధిలో మూడు ఇళ్ళు కూలాయి. మాది నిలిచింది. నడుం విరిగి మంచంలో ఉన్న అవ్వను, గచ్చు ఎత్తుగా ఉందని వెనకగదిలోకి మార్పించింది నేనే. మదురైలో కాలేజీ చదువుతున్న రోజులు. వాదనలో ఓడిపోవడం నాకు అప్పుడు అలవాటు లేదు, ఇప్పుడూ లేదు.

ఆ గది గోడకు అవతల, దూదిని నొక్కి బేళ్ళుగా కట్టి పేర్చిన గోడౌన్. నీళ్ళు తీసిన మర్నాడు పొద్దున గోడ వెనక ఠప్పుమంది. కాసేపటికి మళ్ళీ.

"ఎలకలు," అన్నాను.

జిన్నింగ్ మిల్లులో పనిచేసే మా మేనత్త గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎలకలు ఇనుపపట్టీ కొరుకుతాయా పాపా? బేళ్ళకు బిగించిన పట్టీలు తెగతా ఉండాయి. దూది నీళ్ళు తాగి ఉబ్బుతా ఉంది. అవ్వను లేపు."

"ముందుగదంతా బురద అత్తా! డాక్టరు కదపొద్దన్నాడు. నీళ్ళు పోయినాయి కదా!"

"నీళ్ళు పోయినాయి. దూది యాడికి పోయింది?"

"మీరిద్దరూ తేల్చేలోగా ఆ గోడే తేలుస్తాది లే," అంది అవ్వ పడుకునే.

అత్త మాట తప్పని చూపిద్దామని గోడమీద అరచెయ్యి ఆనించాను. చల్లగా, మెత్తగా ఉంది. మళ్ళీ ఠప్పుమంది. ఈసారి ఆ చప్పుడు నా చేతిలోకి వచ్చింది. సున్నం పెచ్చు ఊడి అవ్వ దిండుమీద పడింది. గోడ మధ్యలో కడుపులా ముందుకొచ్చి ఉంది. నేను అంతదాకా చూడనేలేదు.

మంచం గుమ్మంలో పట్టలేదు. అవ్వను నేలమీద పరిచే జంబుకాళంలోకి దొర్లించాం. తలవైపు అత్త, కాళ్ళవైపు నేను. అవ్వ కేకకు నా చేతులు ఆగాయి.

"ఆగొద్దే!" అని అరిచింది అత్త.

ముందుగది బురదలో దించామో లేదో, వెనక దభీమంది. తిరిగి చూస్తే మంచం లేదు. మట్టిగుట్ట, దానిమీద మురికి దూది, ఇంకా పొంగుతూ.

అవ్వ నొప్పికి ఏడుస్తూనే నన్ను చూసింది. "కాలేజీలో దూది గురించి చెప్పలేదా ఏమి?"

ఇంతలో మట్టి కింద ఇంకో పట్టీ తెగింది. ఈసారి అత్త చెప్పకముందే అవ్వ కాళ్ళవైపు జంబుకాళం ఎత్తాను.