నేను చదవకుండా వదిలిన లైను

ఆమెను అందరూ బొత్తాలక్క అనేవారు. మందూ మత్తూ మానేసి, ఒళ్ళమ్ముకునే బతుకులోంచి బయటపడ్డ ఆడవాళ్ళు ఏడాదిపాటు ఉండి నిలదొక్కుకునే ఇల్లు మాది. పన్నెండు మంచాలు, ఒక వంటగది, మేడమీద నాలుగు కుట్టుమిషన్లు. అక్కడ నేను కుట్టు నేర్పుతాను. వచ్చిన కొత్తలో ఆమె చేతులు ఎంత వణికేవంటే, మిషను ముందు కూర్చోబెడితే వేలు కుట్టేసుకునేది. అందుకని బొత్తాలు కుట్టమన్నాను. మూడు నెలలు అవే కుట్టింది. ఎనిమిదో నెలకల్లా చొక్కా కాలరు నాకన్నా బాగా తిప్పేది. ఆ మాట ఆమెతో అనలేదు, నాకూ కాస్త పొగరుంది.

ఆమెకు చదువు రాదు. పదహారో ఏట పెళ్ళి చేసుకుంటానని తీసుకెళ్ళినవాడే అమ్మేశాడు. మిగతాది మీరు ఊహించుకోగలరు, ఊహించుకోకపోయినా నష్టం లేదు. వాడి గురించి ఎవరూ ఒక్క ముక్క రాసిపెట్టలేదు గాని, ఈమె గురించి మా ఆఫీసు బీరువాలో లావుపాటి ఫైలుంది. ప్రతి సోమవారం పరీక్షకి మూత్రం పట్టివ్వాలి. వార్డెనమ్మ తలుపు తీసిపెట్టి కాపలా నిలబడుతుంది. ఏడాదంతా కిక్కురుమనకుండా ఇచ్చింది, కూతురి కోసం. తొమ్మిదేళ్ళ పిల్ల, ఈమె చెల్లెలి దగ్గర పెరుగుతోంది. అమ్మ దూరంగా ఎక్కడో టైలరు పని చేస్తోందని పిల్లకి చెప్పారు. "నువ్వు మారావని పెద్దవాళ్ళెవరైనా రాసిస్తే పిల్లని పంపిస్తా" అంది చెల్లెలు.

ఏడాది నిండినవాళ్ళకి మా ఇంట్లో ఒక కాయితం ఇస్తారు. చుట్టూ బంగారు రంగు గీత. నా చేతిరాత బాగుంటుందని రాసే పని నాకు అంటగట్టారు. ఏం రాయాలో మాత్రం కమిటీ చెబుతుంది. రెండో లైనులో "మద్యానికీ మత్తుమందులకూ బానిసై, వ్యభిచారంలో జీవించిన ఈమె" అని ఉండి తీరాలి. అది లేకపోతే మనం ఏం ఉద్ధరించామో చందాలిచ్చేవాళ్ళకి ఎలా తెలుస్తుందంటాడు కార్యదర్శి. రాసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. మండుతూనే రాస్తాను.

బొత్తాలక్క వెళ్ళే రోజు అందరి ముందూ ఆమె కాయితం నేనే చదివాను. జుట్టు సవరించుకుని, బళ్ళో పిల్లలా చేతులు కట్టుకుని నిలబడింది. ఆ మొహం చూస్తూ ఆ లైను చదవడానికి నాకు నోరు రాలేదు. వదిలేశాను. "పట్టుదల గలది, నిజాయితీ గలది, కుట్టుపనిలో నేర్పరి" అని గట్టిగా చదివాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఏదో పుణ్యం చేసినట్టు మురిసిపోయాను నేను. పక్కకి పిలిచి, అందులో ఇంకో లైను కూడా ఉందని చెప్పాల్సింది. చెప్పలేదు.

యూనిఫారాలు కుట్టేచోట పని దొరికింది. ఒక గది తీసుకుంది. పిల్ల చదువుకోడానికి పొట్టి బల్ల ఒకటి కొని కిటికీ పక్కన వేసింది. ఆదివారం పిల్లని తెచ్చుకోడానికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే మా మేడెక్కి వచ్చింది, ఒక్కతే. నేను మిషనుకి నూనె వేస్తున్నాను. ఏమైందని అడిగాను.

"చెల్లెలు కాయితం చూపించమంది టీచరమ్మా. నువ్వెందుకు చదవడం, నా కూతురు చదువుతుంది, అందరూ వినండి అన్నాను. మరిదీ, చెల్లెలి అత్తగారూ కూడా వచ్చి కూర్చున్నారు."

నూనె డబ్బా కింద పెట్టేశాను.

"ఆపకుండా మొత్తం చదివింది. చదివాక ఒక మాటకి అర్థం ఏంటమ్మా అనడిగింది. చెల్లెలి అత్తగారు చెప్పింది."

"మరి పిల్ల?"

"రానంది."

తప్పు నాదేనన్నాను. ఆ రోజు ఆ లైను చదవకుండా దాటేశానని చెప్పాను. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. కింద పడున్న బొత్తామొకటి ఏరి డబ్బాలో వేసింది.

"ఎంత బాగా చదివిందో టీచరమ్మా," అంది చివరికి. "ఒక్కచోట కూడా తడబడలేదు."