నాకు లేని మైల

మా అవ్వ పోయిన రోజు ఇంట్లో అందరికీ మైల వచ్చింది, నాకు తప్ప.

అవ్వ అంటే మా నాయన తల్లి. నాయన అంటే నన్ను కన్న ఆయన కాదు. ఆయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. నాలుగేళ్ల పిల్లగా అమ్మ కొంగు పట్టుకుని, ఆమె మారుమనువుతో పాటే, యాడికి మండలంలోని ఈ ఊరికి వచ్చాను. నోరారా నాయనా అని పిలిచింది ఈయన్నే. తర్వాత తమ్ముడు పుట్టాడు. ఒకే కడుపున పుట్టినా వాడి ఇంటిపేరు ఒకటి, నాది ఒకటి. బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఆ సంగతి నాకు గుర్తుండేది కాదు. ఇప్పటికీ ఎవరైనా వరసలు అడిగితే కాస్త తడబడతాను.

అవ్వకు తల దువ్వింది నేను, నశ్యం తెచ్చిపెట్టింది నేను, ఆమె పక్కన పడుకుని కథలు విన్నది నేను. అలాంటి నాకు మైల లేదట. లాగు తొడుక్కోవడం కూడా రాని తమ్ముడికి మాత్రం పదకొండు రోజుల నిండు మైల. ఇదేం లెక్కో నాకు అంతుపట్టలేదు.

ఈ చిక్కంతా ఊరమ్మ జాతరతో వచ్చింది. బోరులో నీళ్లు పడితే ఏటేటా మా ఇంటి నుంచి జ్యోతి ఎత్తిస్తానని అవ్వ మొక్కుకుంది. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండినా మాది పోస్తూనే ఉంది. జాతర నాలుగు రోజులుందనగా ఆమె పోయింది. మైల ఉన్నవాళ్లు గుడి ఛాయలకు పోకూడదు. మొక్కు తప్పితే నీళ్లు పోతాయని నాయన భయం.

ఎదురింటి అత్త వచ్చి ఉపాయం చెప్పింది.

"ఏమప్పా, అంత ఆలోచన ఎందుకు? పాప ఇంటిపేరు వేరే కదా. ఆమెకు మైల యాడుండాది? ఆమెతో ఎత్తించు."

నాయన "సరేలే" అన్నాడు.

మైల అంటకూడదని జాతర దాకా నన్ను అత్త ఇంట్లో ఉంచారు. తిండీ పడకా అక్కడే. వీధికి ఆ పక్కన మా ఇల్లు కనిపిస్తూనే ఉండేది. తమ్ముడు నన్ను చూసి పరిగెత్తుకొస్తే అమ్మ రెక్క పట్టుకుని ఆపింది. "అక్కను ముట్టుకోగూడదు నాయనా" అంది. శుద్ధంగా ఉన్నది నేనొక్కదాన్నే. అయినా నన్నే వెలేసినట్టు అనిపించింది.

జాతర నాడు అత్తే బియ్యప్పిండితో జ్యోతి చేసి, వత్తి వెలిగించి, నా తలకెత్తింది. గుడి ముందు పూజారి అడిగాడు.

"ఎవరింటి జ్యోతి పాపా?"

నాయన ఇంటిదంటే ఆ ఇంటికి మైల. నా ఇంటిపేరు చెబితే మొక్కు అవ్వది కాకుండా పోతుంది. ఆ ఇంటి పిల్లనై ఉండాలి, కాకుండానూ ఉండాలి. ఎటు చెప్పినా తప్పే అనిపించింది.

"వాళ్లదేలే సామీ. పిల్ల మాత్రం బయటిది" అంది అత్త.

పూజారి తలూపి హారతి ఇచ్చాడు. ఆయనకు ఆ జవాబు సరిపోయింది. నాకు సరిపోలేదు. బయటిదాన్నయితే అవ్వ నాకేమవుతుంది?

తిరిగి వస్తూ అత్త గడప వైపు పోలేదు. నేరుగా మా ఇంటికే నడిచాను. అరుగు మీదున్న నాయన నన్ను చూసి లేచి, తగలకూడదని వెనక్కి జరిగాడు. ఆయన జరిగేకొద్దీ నేను ముందుకు పోయి నడుము చుట్టూ చేతులేసి పట్టుకున్నాను.

"పోనీలేప్పా, తానం చేస్తే పోతాది" అంది అత్త వెనక నుంచి.

"పోదులేక్కా" అన్నాడు నాయన, నా తల మీద చెయ్యి పెట్టి. "మొక్కు కోసరం పాపను నాలుగు దినాలు పరాయిదాన్ని చేసినాం. ఇంగ చాలు. పోయింది ఆమెకూ అవ్వే కదా. మాతో పాటే ఆమెకూ మైల."

అవ్వ పోయిన తర్వాత నేను ఏడ్చింది అప్పుడే.