నా ల్యాప్‌టాప్‌కి నేనే చేసిన ఆపరేషన్

మొన్న శనివారం మా ఇంట్లో ఏం జరిగిందో వింటే మీరు టీ గ్లాసు కింద పెట్టేస్తారండీ! ల్యాప్‌టాప్ మాత్రం బాగుపడింది. అది ముందే చెప్పేస్తున్నాను. నా పరువు సంగతే కాస్త వేరు.

నేను అమలాపురంలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. సాయంత్రాలు గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల పిల్లలకి ఆన్‌లైన్‌లో ట్యూషన్ చెబుతాను. నా ల్యాప్‌టాప్‌కి ఎనిమిదేళ్లు. స్విచ్ నొక్కి, పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేక దించి, కాఫీ కలుపుకుని వస్తే అప్పుడు తీరిగ్గా "వెల్‌కమ్" అనేది. పోయిన నెల క్లాసు మధ్యలో బిగుసుకుపోయింది. స్క్రీన్ మీద నేను నోరు తెరిచి, కళ్లు సగం మూసి, చాక్‌పీస్ ఎత్తి అలాగే ఉండిపోయేను. పిల్లలు ఊరుకుంటారా? వాట్సాప్ స్టిక్కర్ చేసేసేరు!

ఈలోగా కువైట్ నుంచి సత్యనారాయణగారని ఒకాయన ఫోన్ చేసేరు. "మా బిల్డింగ్‌లో ఎనిమిది మంది పిల్లలున్నారండి. శనివారం మీ టైం నాలుగు గంటలకి డెమో క్లాసు చెప్పండి. నచ్చితే అందరూ చేరిపోతారు" అన్నారు. ఆ బ్యాచ్ కుదిరితే నేను స్కూలు ఉద్యోగం మానేసి ఇంటి పట్టున ఉండొచ్చు. నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదంటే నమ్మండి!

మరి ఈ ల్యాప్‌టాప్‌తో ఎలా? రాజోలులో ఉన్న మా చెల్లి, "అక్కా, దాన్ని మ్యూజియంకి ఇచ్చేసి కొత్తది కొనెయ్యవే" అంది. మా ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. ఆయన లెక్క వేరు. "కాపు తగ్గిందని చెట్టు నరికేస్తామేంటి? మొదలు దగ్గర కాస్త ఎరువు వేసి చూడు" అన్నారు. ఎరువంటే ఏమిటో కనుక్కుంటే ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కూ, ర్యామూ అని తేలింది. ఆన్‌లైన్‌లో రెండూ తెప్పించేసేను. బిగించడం ఎలాగో వీడియో కూడా చూసేను. అందులో అబ్బాయి నవ్వుతూ, పాటలు పాడుకుంటూ పది నిమిషాల్లో బిగించేసేడు. నేను బీఎస్సీ బీఈడీని, నాకు రాదా?

శనివారం పొద్దున్న ఏడింటికి డైనింగ్ టేబుల్ మీద ఆపరేషన్ మొదలు! కళ్లజోడు బిగించుకునే బుల్లి స్క్రూడ్రైవర్‌తో పది స్క్రూలూ ఊడదీసేను. బుజ్జి బుజ్జి నల్ల స్క్రూలు. ఎక్కడా పోకూడదని జాగ్రత్తగా స్టీలు గిన్నెలో వేసేను. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. అడుగు మూత ఎంతకీ రాదు. లోపలి గదిలోకి వెళ్లి, బీరువాలో పాత ఏటీఎం కార్డు వెతుక్కొచ్చి, సందులో పెట్టి లాగితే టప్పున ఊడింది. గెలిచేనండీ! పాత డిస్కు తీసి ఎస్ఎస్‌డీ కూడా బిగించేసేను. ర్యామ్ ఎక్కడ పెట్టాలో తెలియలేదు, సరే తర్వాత చూద్దామని మూత వేసి స్క్రూల కోసం చెయ్యి చాపేను.

గిన్నె లేదు.

సింకు పక్కన శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది! అత్తయ్యగారేమో అప్పటికే పులిహోర డబ్బా పట్టుకుని, పక్కింటి పిన్నిగారితో కలిసి వాడపల్లి వెంకన్న దర్శనానికి బస్సెక్కేసేరు. గబగబా ఫోన్ చేసేను.

"అత్తయ్యగారూ, టేబుల్ మీద గిన్నెలోవి ఏం చేసేరండీ?"

"ఆవాలేగా? చిటికెడంటే చిటికెడున్నాయి. చీమలు పడతాయని పోపులపెట్టెలో పోసేసేనమ్మా."

ఆవిడకి కంటి ఆపరేషన్ అయ్యి నెల కూడా కాలేదు లెండి. పరిగెత్తుకెళ్లి పోపులపెట్టె తీసేను. ఆవాల్లో స్క్రూలు ఏరడం మీరెప్పుడైనా చేసేరా? చెయ్యకండి. ఫ్రిజ్‌కి అంటించిన ఐనవిల్లి వినాయకుడి మాగ్నెట్ కనబడింది. స్వామికి దండం పెట్టుకుని తీసి ఆవాల మీద తిప్పేను. టిక్ టిక్ టిక్ అంటూ అతుక్కున్నాయి! విఘ్నాలు తీసే స్వామి స్క్రూలు కూడా తీస్తాడని ఆరోజే తెలిసింది. లెక్క పెడితే ఏడు.

మరి మిగతా మూడు? పొయ్యి మీద పోపు మూకుడు కనబడింది. పులిహోర పోపు!

మళ్లీ ఫోన్. బస్సు కొత్తపేట దాటుతోందట, ఒకటే గోల.

"అత్తయ్యగారూ! పులిహోరలో స్క్రూలున్నాయండీ!"

"స్కూలా? ఇవాళ స్కూలుందా నీకు?"

"స్కూలు కాదండీ, స్క్రూలు! ఇనుపవి! ఆవాలనుకుని పోపులో వేసేసేరు!"

అవతల నుంచి ఆవిడ అన్నారు కదా, "అందుకేనా! కొన్ని ఎంతకీ చిటపటలాడలేదేంటా అనుకున్నాను!"

నయం, దర్శనం అయితే గానీ డబ్బా తెరవరట. తర్వాత ఇద్దరూ గోదారి ఒడ్డున కూర్చుని, పులస ముల్లు ఏరుకున్నట్టు మెతుకు మెతుకూ వెతుక్కుంటూ తిన్నారు. మూడూ దొరికేయి. పిన్నిగారు మాత్రం మా ఇంటి పులిహోర చూస్తే ఇప్పటికీ దవడ పట్టుకుంటున్నారు.

ఇక్కడ నేను ఏడు స్క్రూలతో మూత బిగించి స్విచ్ నొక్కితే నల్లటి తెర! కొత్త ఎస్ఎస్‌డీలో విండోస్ ఉండదన్న సంగతి వీడియోలో అబ్బాయి చెప్పే టైంకి నేను పాటకి తాళం వేస్తున్నాను. ల్యాప్‌టాప్‌ని తువ్వాల్లో చుట్టుకుని రిపేరు షాపుకి పరిగెత్తేను. షాపతను అటూ ఇటూ తిప్పి చూసేడు.

"మూడు స్క్రూలు లేవేంటండీ?"

"వాడపల్లి వెళ్లేయండి."

"ఆయ్," అన్నాడు, ఏమీ అర్థం కాకుండానే. తర్వాత ర్యామ్ చూసి, "దీనికి ఇందులో చోటే లేదండీ, కంపెనీవాళ్లే బోర్డుకి అతికించేసేరు" అన్నాడు. మీలో ఎవరికైనా ర్యామ్ కావాలంటే చెప్పండి, కొత్తది. విండోస్ మటుకు చక్కగా ఎక్కించి ఇచ్చేడు.

ఇంటికొచ్చి తెరిచేను. పది సెకన్లు! అబ్బ, మూసి మళ్లీ తెరిచేను. తొమ్మిది! భోజనం చేసి పడుకున్న మా ఆయన్ని లేపి మరీ చూపించేను. స్క్రీన్ మూల చూస్తే రెండూ యాభై. ఇంకా గంట పైనే ఉంది! తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని, క్లాసులో డిస్టర్బెన్స్ ఉండకూడదని ఫోన్ సైలెంట్‌లో పెట్టి వంటగదిలో పడేసి, మూడూ యాభై ఐదుకి దర్జాగా మీటింగ్‌లోకి వెళ్లేను. ఐదు నిమిషాల ముందే! పిల్లలెవరూ లేరు. సత్యనారాయణగారొక్కరే గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

"మేడంగారండీ, ఫోన్ ఎత్తలేదేంటండీ? ఇరవై ఐదు నిమిషాలు చూసి పిల్లలు ఆటకి వెళ్లిపోయేరండి."

"అదేంటండీ! ఇంకా ఐదు నిమిషాలుంది కదా!"

"మీకు నాలుగూ ఇరవై ఐదు అయిందండి."

నాకు పౌరుషం వచ్చింది. లెక్కల టీచర్ని, నాకు టైం చెబుతారా? "ఇదిగో చూడండి" అంటూ స్క్రీన్ షేర్ చేసేను.

ఆయన దగ్గరగా వంగి చూసేరు. పాపం ఎంతో మర్యాదగా అన్నారు. "మూడూ యాభై ఐదేనండి. పక్కన ఏఎం అని ఉందండి. అమెరికాలో ఇప్పుడు తెల్లవారుజామున అంతే అయిందేమోనండి."

కొత్త విండోస్ గడియారం అమెరికా టైంలో ఉందట! వంటగదిలో ఫోన్ చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. చీర కొంగుతో ముఖం తుడుచుకుని క్షమించమన్నాను. ఆయన మంచి మనిషి, పిల్లల్ని మళ్లీ పోగు చేసుకొచ్చేరు. ఎనిమిది ముఖాలు, వెనకాల అమ్మానాన్నలు, అందరూ నన్నే చూస్తున్నారు. ముందు వరసలో ఓ పిల్ల చెయ్యెత్తింది.

"మేడం, ఇవాళ ఏ లెసన్?"

పుస్తకం ఎదురుగా తెరిచే ఉంది. చెప్పక తప్పుతుందా?

"కాలం, పని" అన్నాను.