అరపావు చుట్టు

అతను తన బావకి చేసిన ద్రోహమంతా కలిపితే రెండుసార్లు స్క్రూడ్రైవర్ తిప్పడం. ఒకసారి ఇటు, ఒకసారి అటు. తిప్పింది కూడా ఎంతని? అరపావు చుట్టు. గడియారం మీద ముల్లు ఏడెనిమిది నిమిషాలు జరిగినంత. మొదటిసారి తిప్పింది ఆశ కొద్దీ. దానికైతే బావ నాలుగు తిట్టి ఊరుకునేవాడు. రెండోసారి తిప్పింది తప్పించుకోవడానికి. బావ బతుకుని పక్కకి తోసేసింది ఆ రెండోదే.

బావ కుట్టుమిషన్ల మెకానిక్. ఒక మేడ మెట్ల కింద ఇరుకు గదిలో ఆయన షాపు. కొక్కేలకి వేలాడే తోలు బెల్టులు, పాత బిస్కెట్ డబ్బాల్లో బాబిన్లు, గచ్చులోకి ఇంకిపోయిన మిషన్ ఆయిల్ మరకలు. మిషన్ తెచ్చినవాళ్లని ఏమైందని అడిగేవాడు కాదు, తొక్కమనేవాడు. వాళ్లు తొక్కుతుంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన మిషన్ ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి రోగం ఎక్కడుందో చెప్పేసేవాడు. విప్పి చూస్తే అక్కడే ఉండేది. అందుకే ఆ వీధిలో ఆయన పేరు చెవి మేస్త్రి. అక్క మాత్రం పదిమందిలోనూ దెప్పేది: మిషన్ గుసగుసలాడినా ఈయనకి వినబడుతుంది, నేను వంటింట్లోంచి గొంతు చించుకున్నా వినబడదు.

ఆ చెవిని గోదాం వెనక సిమెంటు మైదానానికి లాక్కెళ్లింది అతనే. అతను ప్రింటింగ్ ప్రెస్‌లో కాగితాలు కోసే పనిలో ఉండేవాడు. ఆరు రోజులు కాగితాలు కోసి, ఏడో రోజు టైల్స్ షాపాయన కారు నడిపేవాడు. కారంటే ఎక్కి కూర్చునేది కాదు, మూరెడు పొడవుండే రిమోట్ కారు. పిడికిట్లో పట్టే నైట్రో ఇంజిన్, నిమిషానికి ముప్ఫై వేల చుట్లు. టైల్స్ షాపాయనకి కార్లున్నాయి, క్లబ్బుంది, నడిపే వేళ్లు మాత్రం లేవు. అతనికి వేళ్లు తప్ప ఇంకేమీ లేవు.

పిల్లలాటకి నన్నెందుకురా పిలుస్తావని గొణుక్కుంటూ వచ్చిన బావ, మొదటి ఇంజిన్ మోగగానే గొణుగుడు ఆపేశాడు. అంత చిన్న ఒంట్లో అంత కేక ఆయన ఎప్పుడూ వినలేదు. పది నిమిషాలు నిలబడి విని, దీనికి కడుపునిండా పెట్టట్లేదెవరో అన్నాడు. అది నిజమే. ఆ ఇంజిన్ల కార్బ్యురేటర్ మీద ఒక సూది ఉంటుంది. బిగిస్తే ఇంధనం తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. ఇంజిన్‌కి కావలసిన నూనె కూడా ఆ ఇంధనంలోనే కలిసి వస్తుంది కాబట్టి, తగ్గితే లోపల ఇనుము ఇనుముని తింటుంది. తమాషా ఏమిటంటే, చచ్చేముందు ఆ ఇంజిన్ అన్నిటికంటే వేగంగా పరిగెడుతుంది. కొత్తవాళ్లు ఆ వేగం చూసి మురిసిపోతారు.

బావ భాషలో ఇంధనం తక్కువైతే ఆకలి, ఎక్కువైతే అజీర్తి. నెల తిరిగేసరికి మైదానంలో ఎవరి ఇంజిన్ మొరాయించినా ఆయన బల్ల దగ్గరికే వచ్చేది. ఆయన సూది సరిచేసిన ఏ కారుకైనా వెనక సన్నగా పొగ కనపడి తీరాలి, అది ఆయన చాదస్తం. చెవి మేస్త్రి కారొస్తోంది, ఇవాళ దోమల మందు కొట్టించుకోనక్కర్లేదని కుర్రకారు ఎగతాళి చేసేది. బావ కూడా నవ్వేవాడు.

క్లబ్బు పందేల ఫైనల్ రోజు పొద్దున్న బావ గంటసేపు ఆ ఇంజిన్‌తో కూర్చున్నాడు. కాసేపు పరిగెత్తించి వేడెక్కించి, బల్ల మీదకి తెచ్చి, ఇంధనం గొట్టాన్ని రెండు వేళ్ల మధ్య నొక్కిపట్టి పెదాల్లోనే లెక్కపెట్టాడు. నొక్కీనొక్కగానే ఆగిపోతే ఆకలి. ఐదు దాకా ఆడితే అజీర్తి. రెండుకీ మూడుకీ మధ్య గొంతు కొంచెం లేచి ఆగిపోవాలి. సరిగ్గా అలాగే ఆగింది. బావ జేబులోంచి అక్క గోళ్ల రంగు సీసా తీసి, సూది తల మీదుగా కింది లోహం మీదకి ఒక ఎర్ర గీత గీశాడు. సూది ఏ మాత్రం కదిలినా ఆ గీత విరిగి రెండవుతుంది.

సెమీఫైనల్లో అతను రెండో స్థానంలో వచ్చాడు. ముందున్న కారు పొడుగు దారిలో ప్రతిసారీ బెత్తెడు ముందుకి జరిగేది, ఆ బెత్తెడు అతనికి పంటికింద రాయిలా తగులుతోంది. బావ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు. అంతే. అతను సూదిని అరపావు చుట్టు బిగించాడు.

ఫైనల్లో కారు ఎగిరింది. పొగ లేదు. ఆరు నిమిషాలు అతను ఎవరికీ అందలేదు. కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు, టైల్స్ షాపాయన అతని వీపు మీద చరిచాడు. ఏడో నిమిషంలో పొడుగు దారి మధ్యలో ఇంజిన్ ఒక్కసారి కీచుమని బిగుసుకుపోయింది. చక్రాలు తిరగకుండా కారు జారుకుంటూ పోయి గోడకి ఆనుకుంది.

ఆగిన కారుని తేవడానికి మామూలుగా బల్ల దగ్గరి మనిషి వెళ్లాలి. ఆ రోజు రిమోట్ కింద పెట్టి అతనే పరిగెత్తాడు. అందరికీ వీపు పెట్టి మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, గీతని మళ్లీ గీతకి కలిపాడు. కాలుతున్న ఇంజిన్ తగిలి చూపుడువేలు బొబ్బెక్కింది. ఆ వేలిని వారం పాటు మడిచి పెట్టుకుని తిరిగాడు.

బల్ల మీద బావే ఇంజిన్ విప్పాడు. పిస్టన్ నిండా గీతలు, దాన్ని ఆడించే కడ్డీ రెండు ముక్కలు. ప్లగ్ తీగ బూడిద రంగుకి తిరిగిపోయి ఉంది, అంటే ఇంధనం చాలలేదు. ఎర్ర గీత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. బావ దాన్ని చాలాసేపు చూశాడు. చూసి, పక్కనున్నవాళ్లకి వినబడనంత మెల్లగా అడిగాడు.

“నువ్వేమన్నా ముట్టుకున్నావురా?”

“లేదు బావా.”

టైల్స్ షాపాయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మేస్త్రిగారి చెవులకి వయసొచ్చినట్టుందన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బావ పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాతి ఆదివారం ఆయన్ని ఎవరూ పిలవలేదు.

మైదానం పోతే పోయింది, షాపుంది కదా అని అతను తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. రెండు నెలల తర్వాత ఒకరోజు షాపుకి వెళ్తే, బావ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విన్నాడు, దించాడు, మళ్లీ పెట్టుకుని విన్నాడు. చివరికి ఏమీ చెప్పకుండా మిషన్ మొత్తం విప్పడం మొదలుపెట్టాడు. గంటలో అయ్యే పనికి రెండు రోజులు పట్టసాగింది. మిషన్లిచ్చేవాళ్లు పెద్ద వీధిలో కొత్త షాపుకి మళ్లారు. ఈమధ్య మీ బావ రేడియో పెట్టుకోవట్లేదురా, ఏం వినబడినా అనుమానమేనంటాడని అక్క చెప్పింది.

చెవుల డాక్టరు దగ్గరికి బావని తీసుకెళ్లింది కూడా అతనే. గాజు గదిలో తలకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం వినబడినప్పుడల్లా బుద్ధిగా బటన్ నొక్కుతున్న బావని బయటి బెంచీ మీంచి చూశాడు. యాభై ఏళ్ల మనిషికి ఇంతకంటే మంచి చెవులుండవని డాక్టరమ్మ కాగితం చేతిలో పెట్టింది. బావ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, డాక్టర్లకి ఇంజిన్లు ఏం తెలుసులే అన్నాడు. అప్పుడు చెప్పేయొచ్చు. ఆ బెంచీ మీద వాళ్లిద్దరే ఉన్నారు. పద బావా, టీ తాగుదాం అని మాత్రం అనగలిగాడు.

ఎందుకు చెప్పలేదంటే, అప్పటికే మైదానంలో బావ బల్ల అతనిదైపోయింది. ఎవరో ఒకరు చూడాలి కదా అన్నారు, అతను కూర్చున్నాడు. గొట్టం నొక్కి లెక్కపెట్టడం, పొగ చూడడం, అన్నీ బావ దగ్గర నేర్చినవే. చెవి లేకపోయినా వేడి కొలిచే తుపాకీ ఉంది, దాన్ని ఇంజిన్ మీదకి గురిపెడితే అంకె చెబుతుంది. కొత్తవాళ్లు అతన్ని మేస్త్రిగారూ అన్నారు. ప్రెస్‌లో ఎన్నేళ్లు కాగితం కోసినా ఎవరూ గారూ అనలేదు. ఆ రెండక్షరాలు వదులుకోవడానికి మనసొప్పలేదు. ఇవాళ కాకపోతే రేపు చెబుదామనుకుంటూ ఆరేళ్లు గడిపేశాడు.

ఆరో ఏడు టైల్స్ షాపాయన ఇంజిన్ ఒకటి మొండికేసింది. థ్రాటిల్ వదిలినా మోత తగ్గదు. తగ్గిందనుకుంటే ఉన్నట్టుండి ఆగిపోతుంది. రెండు వారాలు సూదులు తిప్పి తిప్పి అతని వేళ్లు కాయకాచాయి. ప్లగ్ మార్చాడు, ఇంధనం మార్చాడు. తుపాకీ ఒక్కో నిమిషానికి ఒక్కో అంకె చెబుతోంది. చివరికి సిగ్గు చంపుకుని, ఇంజిన్ బిగించిన చెక్కతో సహా సంచిలో వేసుకుని బావ ఇంటికి వెళ్లాడు.

వాళ్లిద్దరూ కలుసుకోవడం అదే ఆఖరు. తర్వాతి ఆదివారం అతను మైదానంలో అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆరేళ్ల కిందటి ముచ్చట ఇప్పుడెందుకయ్యా, ముందు ఆ కారు చూడు అన్నాడు టైల్స్ షాపాయన. అతను కారు చూడకుండానే వచ్చేశాడు. అక్క ఎన్నిసార్లు కబురుపెట్టినా ఆ ఇంటి మెట్లెక్కే ముఖం లేకపోయింది.

అతను ఇంజిన్ పట్టుకుని వెళ్లిన ఆ మధ్యాహ్నం బావ పెరట్లో తాడు మీద బట్టలు ఆరేస్తున్నాడు. ఇంజిన్ని చూడగానే చేతులు తుడుచుకున్నాడు కానీ దగ్గరికి రాలేదు. నా చెవిని నమ్ముకుంటే మునుగుతావురా బామ్మర్దీ అన్నాడు. ఊరికే విను బావా అని బతిమాలి, అతను పెరటి గట్టు మీద ఇంజిన్ మోగించాడు. బావ చాలాసేపు దూరంగానే నిలబడ్డాడు. తర్వాత లోపలికెళ్లి ఆ పొడుగాటి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. దుమ్ము పట్టి ఉంది. చొక్కా అంచుతో తుడిచి, చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

“సూదుల్లో ఏం లేదు,” అన్నాడు కాసేపటికి, పక్కవాళ్ల ఇంట్లోకి తొంగిచూస్తున్నవాడిలా బెరుగ్గా. “ఎక్కడో గాలి పీలుస్తోంది. కార్బ్యురేటర్ మెడ దగ్గర ఓరింగు ఉంటుంది చూడు, ఆ రబ్బరు చుట్టు. అక్కడ రెండు చుక్కలు నూనె వెయ్యి.”

అతను వేశాడు. నూనె మెడ చుట్టూ పాకగానే బుడగలొచ్చాయి, ఇంజిన్ మోత ఒక్కసారిగా దిగి నిదానపడింది. రెండు వారాల తలనొప్పి రెండు చుక్కల్లో తేలిపోయింది. బావ ముఖంలో సంతోషం రాబోయి ఆగిపోయింది. గుడ్డిగా తగిలిందిలే, నిజమనుకోకు అంటూ స్క్రూడ్రైవర్ని గట్టు మీద పెట్టేశాడు.

అతను ఇంజిన్ ఆపాడు. అప్పుడు చెప్పాడు. కుళాయి దగ్గరికెళ్లినప్పుడు బిగించింది, గోడ దగ్గర మళ్లీ వెనక్కి తిప్పింది, లేదు బావా అన్నది, అన్నీ. తలెత్తకుండా చెప్పాడు.

బావ తిడతాడనుకున్నాడు. కొట్టినా పడదామనుకున్నాడు. బావ తాడు మీద జారుతున్న దుప్పటిని సర్ది, అక్కడే నిలబడి అడిగాడు.

“ఎంత బిగించావు?”

“అరపావు చుట్టు.”

బావ తల ఊపాడు, లెక్క సరిపోయినట్టు.

“ఆ ఆరు నిమిషాలూ నాకు వినబడుతూనే ఉందిరా,” అన్నాడు. “ఆకలి, ఆకలి అని. ఆపమని చెయ్యెత్తబోయాను కూడా. పొద్దున్న సరిపోయిందన్న చెవే మధ్యాహ్నం చాల్లేదంటోంది. నువ్వేమో ముట్టుకోలేదన్నావు. నువ్వు అబద్ధమాడతావని నాకు తోచలేదు. ఇంక తప్పింది నా చెవే కదా అనుకున్నా.”

ఇంజిన్ని పాత గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి, సంచి అతని చేతికిచ్చాడు.

“ఓరింగు మారిస్తే సరిపోతుంది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరగా వెయ్యి, మీ అక్క పడుకుంది.”